పాత కారుకి కన్వర్టర్ కోయించే ముందు

చిరంజీవి శీనుకి,
మామయ్య ఆశీస్సులు.

వారధి ఎక్కేటప్పుడు బండి లాగడం లేదని, గుంటూరులో మీ మెకానిక్ పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కోసేసి మామూలు పైపు వెల్డింగ్ చేస్తానన్నాడని రాశావు. పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వుకి కూడా రేకు ముక్క పెట్టి మూసేస్తాడట. వద్దురా, ఆ పని చేయించకు.

కన్వర్టర్ దానంతటది జామ్ అవదు. లోపల తేనెపట్టులాంటి సెరామిక్ దిమ్మ ఉంటుంది, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. ఇంజన్ మిస్ కొడుతుంటే, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోతే, కాలని పెట్రోలు అక్కడికొచ్చి మండుతుంది, ఆ వేడికి దిమ్మ కరిగి దారి మూసుకుపోతుంది. పిస్టన్ రింగులు గానీ వాల్వ్ సీళ్లు గానీ అరిగి ఆయిల్ తాగే బండి అయితే ఆ ఆయిల్ బూడిద అందులో పేరుకుంటుంది. పైపు వేస్తే పికప్ వస్తుంది, నిజమే. మిస్ కొట్టడం మాత్రం అలాగే ఉంటుంది, పైగా కనిపెట్టడం ఆలస్యమవుతుంది. కోసిన ముక్క ఎవరు తీసుకుంటారో కూడా అడుగు. ఆ లోహాల వల్ల తుక్కులో కూడా దానికి మంచి రేటు ఉంది.

ముందు నిజంగా జామ్ అయిందో లేదో తేల్చుకో. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కన్వర్టర్ ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పించి, స్టార్ట్ చేసి రేస్ ఇవ్వమను. ఆ రంధ్రంలోంచి వేడి గాలి తన్నుకొస్తుంది, వైర్లు పక్కకి కట్టాలి, ఆరుబయటే చేయాలి. అప్పుడు ఇంజన్ తేలిగ్గా లేస్తే అడ్డు కన్వర్టర్ దగ్గరే. తేడా లేకపోతే ప్లగ్గులు, కాయిల్, ఫ్యూయల్ ఫిల్టర్ చూడాలి. కన్వర్టర్ మార్చాల్సి వచ్చినా మిస్ సరిచేశాకే కొత్తది వేయించు, లేదంటే అదీ పోతుంది.

ఈజీఆర్ సిలిండర్‌లో వేడి తగ్గిస్తుంది. దాన్ని మూస్తే లోడు మీద నాకింగ్, అంటే ఇంజన్‌లో టకటక కొట్టుకోవడం, రావచ్చు. విప్పి మసి కడిగి కొత్త గ్యాస్కెట్ వేస్తే చాలు. ఇంజన్ అడుగున చేరే ఆవిర్లని మళ్లీ ఇంజన్‌లోకే పంపే పీసీవీ వాల్వ్ పీకి ఊపి చూడు, లోపల గలగలమనాలి. అది మూసుకుపోతే సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది. బొగ్గు క్యానిస్టర్ జోలికి అసలు పోకు. మన ఎండల్లో ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచేది అదే. పంపు దగ్గర నాజిల్ ఆగాక ఇంకా పోయించకు, ద్రవం క్యానిస్టర్‌లోకి వెళ్తే పాడవుతుంది.

నీది బీఎస్-3 బండి, అంటే పాత పొగ ప్రమాణాలది. ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు, కన్వర్టర్ లేకుండా పొల్యూషన్ టెస్ట్ పాసవడం కష్టం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత పొల్యూషన్ జరిమానా 10,000 రూపాయల దాకా ఉంది. నాకు జరిమానా కన్నా బెంజ్ సర్కిల్‌లో నీ వెనకాల స్కూలు పిల్లలతో ఆగే ఆటోల గురించే ఎక్కువ బెంగ.

బండి ఆటోనగర్‌కి తీసుకురా. ఈ మధ్య ఆయిల్ ఎప్పుడెప్పుడు, ఎంత పోశావో రాసుకుని రా. అక్కని అడిగానని చెప్పు.

మీ మామయ్య