ఆనవాలు

పెరంబూరు, చెన్నై
క్రిస్మస్‌కు ముందు అడ్వెంటు రెండవ వారం

చిరంజీవి సోదరికి,

ప్రభువు నామమున శుభాలు. సంఘ పత్రిక క్రిస్మస్ సంచిక కోసం నీవు రాసిన వ్యాసాన్ని మీ నాన్నగారు తెచ్చి ఇచ్చారు. ఒకసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకొని చదివాను. చెన్నైలో పుట్టి, బడిలో తమిళం చదువుకొని, తెలుగును ఇంట్లోనూ సండే స్కూల్లోనూ మాత్రమే నేర్చుకొన్న పిల్ల ఇంత శుభ్రంగా రాయడం చూసి ముచ్చటపడ్డాను. అందుకే మెచ్చుకోలుతో సరిపెట్టకుండా కొంచెం కటువుగానే రాస్తున్నాను, నొచ్చుకోకమ్మా.

నీ వ్యాసం మొత్తం ఒకే వాదన మీద నిలబడి ఉంది. కేకులు, కొత్త బట్టలు, బాల్కనీలో వేలాడదీసిన కాగితపు నక్షత్రం, ఇవన్నీ పై పై ఆడంబరాలనీ, అసలైన క్రిస్మస్ హృదయంలోనే జరగాలనీ, క్రీస్తు మన గుండెలో పుట్టకపోతే ఈ పండుగంతా దండగనీ నాలుగు పేజీల పొడవునా మందలించావు. ఇది తప్పుడు మాటని అనను గాని సగం మాట. పైగా సులువైన సగం. బయటిది మాయ, లోపలిదే సత్యం అనే మాట మన నేల మీద కొత్తదేమీ కాదు. తంబుర మీటుతూ తత్వాలు పాడినవాళ్లు దాన్ని మనకంటే ఎంతో అందంగా చెప్పి వెళ్లారు. క్రైస్తవ విశ్వాసి క్రిస్మస్ నాడు ఒప్పుకొనేది దీనికి దాదాపు ఎదురు దిక్కున ఉంది. దేవుడు అదృశ్యంగా ఉంటూ మన అంతరంగంతో మాట్లాడి ఊరుకోలేదనీ, ఒక తల్లి కడుపున తొమ్మిది నెలలు మోయబడి, బొడ్డు కోయించుకొని, చలికి వణికి, ఆకలేస్తే ఏడ్చే బిడ్డగా బయటికే వచ్చాడనీ మన విశ్వాసం. అలాంటి పండుగ రోజున బయటిదంతా వట్టిదని రాస్తే, ఏ గుమ్మంలోంచి ఆయన లోపలికి వచ్చాడో ఆ గుమ్మాన్నే మనం మూసినట్టవుతుంది.

లూకా సువార్త రెండవ అధ్యాయం తెరిచి, గొర్రెల కాపరులతో దూత చెప్పిన మాటను మళ్లీ చదువు. "దానికిదే మీకానవాలు" అన్నాక ఆ దూత చెప్పినవి రెండే వస్తువులు: పొత్తిగుడ్డలు, తొట్టి. ఆనవాలు అనే మాట తెలుగువాడికి ఎంత బలమైనదో నీకు తెలుసు. సీతమ్మకు హనుమంతుడు చూపిన ఉంగరం దగ్గరనుంచి, తప్పిపోయిన పిల్లవాణ్ణి పుట్టుమచ్చ చూసి గుర్తుపట్టే కథల వరకు, కంటితో చూసి చేత్తో తడిమి నిర్ధారించుకొనేదే ఆనవాలు. ఆ రాత్రి పొలంలో ప్రభువు మహిమ వాళ్ల చుట్టూ ప్రకాశించిందని లూకాయే రాశాడు, అయినా ఆ వెలుగును ఆనవాలుగా ఇవ్వలేదు. కాపరులు వెళ్లి వెతుక్కోవలసింది ఒక గుడ్డపేలికనూ పశువుల మేత తొట్టినీ.

ఈ విషయం మీద మొదటి శతాబ్దాల సంఘం చాలా పోరాడింది. క్రీస్తుకు దేహం ఉన్నట్టు కనిపించిందే గాని నిజంగా లేదని, దేవుడు అంత నీచమైన మాంసాన్ని తాకడని బోధించినవాళ్లు ఆనాడే ఉన్నారు. వాళ్ల ఉద్దేశం దేవుణ్ణి గౌరవించడమే. నీ ఉద్దేశం లాగే. రెండవ శతాబ్దపు తొలి ఏళ్లలో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ బందీగా రోముకు పోతూ దారిలో రాసిన లేఖల్లో, క్రీస్తు నిజంగా పుట్టాడు, నిజంగా తిన్నాడు, తాగాడు అని పట్టుబట్టి రాశాడు. 325లో నీకయ పట్టణంలో కూడిన సంఘ పెద్దల సభ తన విశ్వాస ప్రమాణంలో దిగివచ్చాడనీ, శరీరధారి అయ్యాడనీ, మనుష్యుడయ్యాడనీ ఒకదాని వెనక ఒకటి మూడు మాటలు పేర్చింది. ఒక్క మాటతో వదిలితే ఎవరో ఒకరు దాన్ని గాలిలోకి లేపేస్తారని వాళ్లకు తెలిసి ఉంటుందని నా ఊహ. అదే శతాబ్దంలో నజియాంజుస్ గ్రెగొరీ అనే బిషప్పు ఒక లేఖలో, క్రీస్తు తనపై వేసుకోనిది ఏదీ స్వస్థత పొందలేదన్నాడు. ఆ ఒక్క వాక్యాన్ని కాగితం మీద రాసి నీ బల్ల ముందు అంటించుకో. మన ఆకలి, అలసట, జ్వరం, కన్నీళ్లు ఆయన వేసుకొన్నాడు గనుకనే అవి రక్షణకు వెలుపల పడిపోలేదు.

నేను కూడా నీ వయసులో నీలాగే రాశాను. కొత్త బట్టల మోజును ఎండగడుతూ ఒక క్రిస్మస్ వ్యాసం రాసి, ఆరాధన అయ్యాక దాన్ని గట్టిగా చదివాను కూడా. నెల్లూరు వైపునుంచి ఏనాడో వచ్చి ఈ నగరపు వీధులు ఊడ్చే పనిలో స్థిరపడ్డ కుటుంబాలవాళ్లు ఆ సంఘంలో సగం మందికి పైగా ఉండేవారు. బయటికి వస్తుంటే ఒక పెద్దామె నన్ను మెట్ల దగ్గర ఆపింది. కట్టుకొన్న చీరకు ఇంకా గంజి వాసన పోలేదు, మడతల గీతలు అలాగే ఉన్నాయి, కొంగు చివర ధర చీటీ కుట్టిన దారపు ముక్క కనిపిస్తోంది. "అబ్బయ్యా, ఏడాదికంతా వొకటే కొత్త కోక. యేసయ్య పుట్టిన దినాన కట్టుకుంటే అది గూడా తప్పేనా?" అని అడిగింది. కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను తడబడి ఏదో గొణిగాను. ఆ తర్వాత ఎప్పుడో, ఆకలిగొన్నవారిని దేవుడు మంచి పదార్థాలతో తృప్తిపరిచాడని గర్భిణిగా ఉన్న మరియ పాడిన కీర్తన చదువుతుంటే ఆ దారపు ముక్క నా కళ్లముందు ఆడింది. మరియ పాటలో తృప్తి అన్నది కడుపుకు సంబంధించిన మాటే. దుకాణాల వ్యాపారాన్ని విమర్శించాలంటే విమర్శించు, దానికి కారణాలున్నాయి. కాని ముందు ఎవరి ఒంటిమీది బట్ట గురించి మాట్లాడుతున్నావో చూసుకొని మాట్లాడు.

ఇక రాతపని సంగతి. నీ వ్యాసంలో సత్రం యజమాని ఒకడు వచ్చి, నిండు చూలాలి ముఖం మీద తలుపు వేశాడు. ఆ మనిషి లూకాలో ఎక్కడా లేడు. "సత్రములో వారికి స్థలము లేనందున" అని మాత్రమే ఉంది. అక్కడి గ్రీకు మాటనే లూకా చివరి భోజనపు ఘట్టంలో కూడా వాడితే మన అనువాదకులు దాన్ని "విడిది గది" అన్నారు. యేసు చెప్పిన కథలో మంచి సమరయుడు గాయపడినవాణ్ణి చేర్చిన చోటుకు లూకా వేరే మాట వాడాడు, దాన్ని మనవాళ్లు పూటకూళ్లవాని ఇల్లు అని చక్కగా తెలిగించారు. కాబట్టి అది చుట్టాలతో కిక్కిరిసిన ఒక ఇంటి విడిది గది కావచ్చునని చాలామంది పండితులు అంటారు. కసాయి యజమానికంటే ఇది నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది. మనమెవరం చుట్టాన్ని గెంటేయం, కాస్త సర్దుకోమంటాం, అంతే. జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదని, కానుకలే మూడని నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

తొట్టి గురించి నీవు "దీనమైన పశువుల తొట్టి" అని రాసి దాటిపోయావు. అక్కడ ఆగాలి. కావలి దగ్గర మా అమ్మమ్మగారి పల్లెలో గడ్డి వేసేదాన్ని గాడి అనేవారు, బియ్యం కడిగిన నీళ్లూ తవుడూ కలిపి పోసేదాన్ని కుడితి తొట్టి అనేవారు. ఆ రాతి తొట్టి అంచు ఆవుల మెడలు రాసుకొని రాసుకొని అద్దంలా నున్నబడింది. లోపల మాత్రం చెయ్యి పెడితే పాకుడు, పులిసిన వాసన, మూతి పెట్టబోయే ఆవు వెచ్చటి ఊపిరి. పసిబిడ్డను అలాంటి దానిలో పడుకోబెట్టాలంటే తల్లి ముందుగా ఏంచేస్తుంది? తుడుస్తుంది, గడ్డి పరుస్తుంది, గరుకు తగలకుండా తన కొంగు వేస్తుంది. లూకా ఇవేవీ రాయలేదు, నీవూ కల్పించి రాయనక్కరలేదు. కాని అవి నీ వేళ్లకు తెలిసి ఉంటే "దీనమైన" అనే విశేషణం దానంతటదే రాలిపోతుంది. నీ చుట్టూ తమిళంలో ఉయ్యాలను తొట్టిల్ అంటారు కదా, మన తెలుగు సీమల్లోనూ తొట్టెల అంటే ఉయ్యాలే. రెండు భాషల మధ్య పెరిగినదానివి, ఈ మాటలోని మలుపు నాకంటే ముందు నీకు వినిపించి ఉండవలసింది.

అలాగే "సమాధానము". భూమిమీద సమాధానము కలుగునుగాక అని దూతలు పాడితే, గుడికీ చర్చికీ దూరంగా ఉన్న తెలుగు పాఠకుడికి ప్రశ్నకు జవాబేదో దొరికినట్టు వినిపిస్తుంది. తమిళంలో అదే మాట శాంతి అనే అర్థంలో ఇప్పటికీ వీధిలో నడుస్తోంది గనుక నీకు ఆ తేడా తట్టలేదు. మాట మార్చమనడం లేదు. సమాధానపడటం అంటే తెగిన ఇద్దరు కలవడం అన్న పాత తెలుగు అర్థం ఒకటుంది, దాన్ని వాక్యంలో మేల్కొలుపు. అవతారం అనే మాటతో ఇంకా జాగ్రత్త. మనవాళ్లు నరావతారం అని వాడుతూనే ఉన్నారు, వాడవచ్చు. కాని ఆ మాట వినగానే తెలుగు మనసు పదింటిని లెక్కపెడుతుంది, సంఘం ఒప్పుకొనేదేమో ఒక్కసారే జరిగి, తిరిగి విడిచిపెట్టని శరీరధారణ. జాషువాగారు క్రీస్తు చరిత్రను పద్యాల్లో రాసినప్పుడు దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సంఘం బయటి తెలుగుకు మన సంగతి చేరదన్న భయం అక్కరలేదు.

డిసెంబరు 25 సరైన తేదీయేనా అన్న చర్చకు ఒక పేజీ ఇచ్చావు, తీసెయ్యి. సువార్తలు తేదీ చెప్పలేదు. రోములో 336 నాటికి ఆ రోజున జరుపుతున్న ఆధారం ఉంది. ఆర్మేనియా సంఘం జనవరి 6న జరుపుకొంటుంది. ఇంతకు మించి నీ వ్యాసానికి పనికొచ్చేది అందులో లేదు.

ఆ పేజీని మత్తయి రెండో అధ్యాయానికి ఇవ్వు. నీవు జ్ఞానుల దగ్గర ఆపేశావు, మన క్రిస్మస్ నాటకాలన్నీ అక్కడే తెర దించుతాయి. హేరోదు రాజు చేతిలో పోయిన బేత్లెహేము పసివాళ్ల కోసం, ఇశ్రాయేలీయుల పూర్వపు తల్లి రాహేలు ఏడుస్తూ, ఓదార్పు పొందనొల్లక ఉండెనని ఆ వెంటనే ఉంది. 2004లో క్రిస్మస్ మరునాడు, ఆదివారం ఉదయం, సముద్రం మెరీనా మీదికి ఎక్కివచ్చింది. అప్పటికి నీవు చంటిపిల్లవై ఉంటావు. ఇళ్లముందు నక్షత్రాలు ఇంకా దించలేదు. ఆ వారం నేను రాసిన ఒక్క ఓదార్పు వాక్యం కూడా నిలబడలేదు, నిలబడింది రాహేలు ఓదార్పు పొందలేదన్న ఆ వాక్యమే. ఇమ్మానుయేలు, అంటే దేవుడు మనకు తోడు అన్న పేరును మత్తయి మొదటి అధ్యాయంలో రాసి, ఈ ఏడుపును చెరపకుండా ఆ పక్కనే ఉంచాడు. ఆ బిడ్డ కూడా ప్రాణం దక్కించుకోవడానికి రాత్రికి రాత్రి ఐగుప్తుకు మోయబడ్డాడు.

చివరిగా ఒక సంగతి. మూడో పేజీ అడుగున నీవు కొట్టేసిన వాక్యం ఒకటి ఉంది. గీత సన్నగా ఉండటం వల్ల చదవగలిగాను. నాన్న హార్బరులో నైట్ షిఫ్ట్ ముగించుకొని క్రిస్మస్ తెల్లవారుజామున ఇంటికొచ్చి, గ్రీజు మరకలు పోయేదాకా గుమ్మంలోనే చేతులు కడుక్కొని, నిద్రపోతున్న తమ్ముడి నుదుటి మీద మునివేళ్లు ఆనించి జ్వరం చూశారని రాశావు. ఆత్మీయ వ్యాసంలో ఇది ఇమడదనుకొని కొట్టేశావు కాబోలు. మిగిలిన నాలుగు పేజీలు పక్కన పెట్టి అక్కడినుంచి మొదలుపెట్టు. సంపాదకులకు ఇంకో వారం గడువు కావాలని నేను ఫోన్ చేసి చెబుతాను. ఆదివారం సాయంత్రం రా, మీ ఇంట్లోని తమిళ బైబిలు కూడా తీసుకురా, రెండూ పక్కపక్కన పెట్టుకొని చూద్దాం. మీ అమ్మగారికి నా వందనాలు చెప్పు.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి