అమ్మానాన్నల టికెట్ల డబ్బుతో బి-3 జాకెట్ కొనొచ్చా?

ప్రశ్న: హెచ్-1బి మీద డాలస్‌లో పనిచేస్తున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో విమాన సిబ్బంది వేసుకున్న గొర్రె తోలు కోటు, బి-3 ఫ్లైట్ జాకెట్ ఒకటి 4,000 డాలర్లకు వస్తోంది. ఐదేళ్లలో రెట్టింపవుతుందని అమ్మే ఆయన అంటున్నారు. వచ్చే వేసవికి అమ్మానాన్నలను పిలిపించుకుందామని దాచిన డబ్బుంది. అందులోంచి కొననా?

జవాబు: ఆ డబ్బు ముట్టుకోకండి. వేసవికి అది కావాలి. జాకెట్ ఎప్పుడు అమ్ముడుపోతుందో ఎవరూ చెప్పలేరు.

మీ మోజు నాకు అర్థమవుతుంది. 1934లో అమెరికా ఆర్మీ ఎయిర్ కోర్ తీసుకున్న జాకెట్ ఇది. బి-17 బాంబర్లో 25,000 అడుగుల ఎత్తున, మైనస్ 40 డిగ్రీల చలిలో, తెరిచిన కిటికీ దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్లను కాచింది ఇలాంటి గొర్రె తోలే. అలాంటిదాన్ని చేత్తో తాకితే ఎవరికైనా మనసు కదులుతుంది.

కానీ ఆ తోలు వయసు ఇప్పుడు 80 దాటింది. నా క్లయింట్ ఒకాయన తన బి-3 తెచ్చి నా టేబుల్ మీద పరిచారు. లోపలి ఉన్ని చెక్కుచెదరలేదు. జాకెట్ చెయ్యి కాస్త మడవగానే మోచేతి దగ్గర గోధుమరంగు పూత పెచ్చులుగా రాలింది, కుట్టు పక్కన తోలు కాగితంలా చిరిగింది. ఆయన ముఖం చూడలేకపోయాను. డాలస్ ఎండల్లో దీన్ని గ్యారేజీలోనో అటక మీదో పెట్టడానికి లేదు.

లెక్క చూద్దాం. ఐదేళ్లకు 5,000కి అమ్మారనుకోండి. అమ్మిపెట్టినవాళ్లు 20 శాతం తీసుకుంటే చేతికొచ్చేది మళ్లీ 4,000. మధ్యలో కట్టిన బీమా, షిప్పింగ్ ఖర్చు నష్టమే. లాభం వచ్చినా, అమెరికాలో అది కలెక్టిబుల్ (సేకరించి దాచుకునే వస్తువు) కింద లెక్కకొస్తే, ఏడాదికి పైగా ఉంచుకుని అమ్మినదాని మీద పడే లాంగ్ టర్మ్ పన్ను 28 శాతం దాకా పడొచ్చు.

మీ విషయంలో నాకున్న అసలు టెన్షన్ వేరు. ఉద్యోగం పోతే హెచ్-1బి వాళ్లకు ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి సాధారణంగా దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. అప్పుడు కావాల్సింది బ్యాంకులో క్యాష్. ఆరు నెలల ఖర్చు పక్కన ఉందా? 401(కె) రిటైర్మెంట్ ఖాతాలో మీరు వేసేదానికి తోడుగా కంపెనీ ఇచ్చే మ్యాచ్ పూర్తిగా తీసుకుంటున్నారా? ముందు అవి చూసుకోండి.

ఆ తర్వాత నెలకు 200 డాలర్లు విడిగా వేస్తే 20 నెలల్లో జాకెట్ డబ్బు తయారవుతుంది. ఈలోగా ఇది ఎవరైనా పట్టుకుపోతే పోనివ్వండి, ఇంకొకటి వస్తుంది. వేసుకు తిరగాలనే సరదా అయితే మాత్రం పాతది వద్దు, కొత్తగా తయారైన నమూనా కొనుక్కోండి.

అసలుదే కొనేటప్పుడు మెడ లోపలి లేబుల్ చూడండి. రకం, ఆర్డర్ నంబరు, తయారీదారు పేరు ఉండాలి. లేబుల్ చుట్టూ దారం మిగతా కుట్టుకంటే కొత్తగా కనిపిస్తే అనుమానించండి. జిప్ మార్చారేమో అడగండి, మారిస్తే ధర తగ్గుతుంది. నకిలీ అని తేలితే వెనక్కి తీసుకుంటామని రసీదు మీద రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.