శనివారం మందు, సోమవారం లెక్కల్లో తప్పులు: సమాధానం

శనివారం రాత్రి నాలుగు పెగ్గులు తాగితే సోమవారం కూడా బిల్లుల లెక్కలు ఎందుకు తప్పుతున్నాయని అడిగారు కదా. రెండో రోజు కూడా తప్పుతున్నాయంటే అది చాలావరకు నిద్ర బాకీయే. మందు తొందరగా నిద్రపుచ్చుతుంది గానీ, తెల్లవారుజాము నిద్రను పాడుచేస్తుంది. కలలొచ్చే దశ కూడా తగ్గిపోతుంది.

1. అందరూ పట్టించుకోకుండా వదిలేసేది ఆదివారం మధ్యాహ్నం. బిర్యానీ తిని మూడు గంటలు పడుకుంటారు, సాయంత్రం రెండు టీలు తాగుతారు. ఇక రాత్రి ఒంటిగంటయినా నిద్ర రాదు. మీ సోమవారం పోయేది అక్కడే. కునుకు 30 నిమిషాలు దాటనీయకండి, 3 లోపు లేచేయండి. మధ్యాహ్నం తర్వాత టీ, కాఫీ వద్దు. నాకైతే టీ మానడమే కష్టమైంది.

2. మీరు చెప్పిన నాలుగు పెగ్గులు 60 మి.లీ.వైతే, ఒంట్లోంచి పోవడానికి సుమారు 10 గంటలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది. మజ్జిగ, చన్నీళ్ల స్నానం దాన్ని తొందరపెట్టవు. కాబట్టి ఆదివారం పొద్దున్నే తిరుపతి నుంచి చిత్తూరుకి బండి తీయకండి.

3. ఈసారి రెండుతో ఆపండి. అదీ పడుకోవడానికి 4 గంటల ముందే.

రోజూ తాగే అలవాటుండి, మానితే చేతులు వణుకుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకండి. ముందు డాక్టర్ని కలవండి.