కొత్తగా పరిచయమైనవాళ్ళతో పడనప్పుడు మాట్లాడటం మానేయాలా, ఎందుకు పడలేదో చెప్పేయాలా?

మీరు అడిగింది ఇదీ: ఊరు మారి హాస్టల్లో చేరారు. అక్కడ పరిచయమైన ఒకామె రోజూ రాత్రి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడుతోంది. మీకు ఆ స్నేహం కొనసాగించాలని లేదు. ఫోన్ ఎత్తడం మానేస్తే ఆమెకే అర్థమవుతుందా, లేక ఆమెలో మీకు నచ్చనివన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పేయాలా? ఈ రెండు పనులూ నేను చేశాను. రెండుసార్లూ అవతలి మనిషి బాధపడ్డారు. అందుకే జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

2018లో నేను సికింద్రాబాద్ నుంచి హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో వెళ్ళేదాన్ని. లేడీస్ పెట్టెలో రోజూ కనబడే మొహాలే కాబట్టి పలకరింపులు తొందరగా మొదలవుతాయి. బేగంపేటలో ఎక్కే ఒకమ్మాయి అలా పరిచయమైంది. నాకన్నా నాలుగైదేళ్ళు చిన్నది. రెండో రోజుకే అక్కా అంది. టిఫిన్ డబ్బాలు మార్చుకునేవాళ్ళం. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి పిలిచాను. తెనాలి నుంచి అమ్మ కూడా వచ్చి ఉంది. గోంగూర పప్పు బాగుందని ఆ అమ్మాయి మళ్ళీ వేయించుకుని తింది.

ఆ తర్వాత ఫోన్లు ఎక్కువయ్యాయి. ఆఫీసులో సూపర్‌వైజర్ ఏమన్నాడో, వాళ్ళ అన్నయ్య డబ్బు ఎందుకు అడిగాడో, రోజూ రాత్రి గంట, గంటంపావు. అమ్మకి ఒంట్లో బాగుండక నేను అప్పటికే సతమతమవుతున్నాను. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ మోగితే టెన్షన్ వచ్చేది. ఆ మాట ఆ అమ్మాయితో అనలేకపోయాను. ముందు ఒకరోజు ఎత్తలేదు, తర్వాత రెండు రోజులు ఎత్తలేదు. 2019 మార్చిలో హైటెక్ సిటీ వరకు మెట్రో మొదలైంది. నేను చెప్పాపెట్టకుండా మెట్రోకి మారిపోయాను. వాట్సాప్‌లో ‘అక్కా బాగున్నారా’ అని మూడు మెసేజ్‌లు పెట్టింది. చదివినట్టు తెలియకూడదని నీలం టిక్కులు కూడా ఆపేసుకున్నాను.

ఏడెనిమిది నెలల తర్వాత సికింద్రాబాద్ స్టేషన్ బయట ఎదురుపడింది. నవ్వుతూనే పలకరించింది. కాసేపాగి, “అక్కా, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ రోజు భోజనాల దగ్గర అమ్మగారు మా ఇంటిపేరు అడిగారు. ఆ తర్వాత కొన్నాళ్ళకే మీరు ఫోన్ ఎత్తడం మానేశారు. అందుకేనా?” అంది.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా అమ్మ అలవాటుగా అడిగిన ప్రశ్న అది. అయినా ఇంటిపేరు ఎందుకు అడుగుతారో తెలియకుండా ఎవరూ పెరగరు కదా, ఆ అమ్మాయికి నాకన్నా బాగా తెలుసు. ఏడెనిమిది నెలలు ఆ మాట మనసులో మోసింది. నేనేమో గంటసేపు ఫోన్లో మాట్లాడలేకపోతున్నాను అన్న చిన్న మాట చెప్పడానికి మొహమాటపడ్డాను. అక్కడే నిలబడి ఉన్న విషయం చెప్పాను. “అదేనా అక్కా? ఆ మాట అప్పుడే అంటే మెసేజ్ పెట్టేదాన్నిగా” అంది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆలస్యంగా చెప్పిన నిజానికి సాకు వాసన వస్తుంది.

ఆ రోజు నాకు అర్థమైంది ఒకటే. మనం ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతే అవతలివాళ్ళు కారణం లేకుండా ఊరుకోరు. వాళ్ళంతట వాళ్ళే ఒకటి వెతుక్కుంటారు. ఆ వెతుకులాటలో దొరికేది మన అసలు కారణం కాదు, అంతకుముందు వాళ్ళని ఎక్కువగా గాయపరిచినదే. ఒకరికి అది కులం, ఇంకొకరికి రంగు, మరొకరికి ఇంగ్లీషు రాకపోవడం, యాస, అద్దె ఇల్లు.

పట్టుమని పది రోజుల పరిచయం లేనివాళ్ళు అంత బాధపడతారా అని మీకు అనిపించవచ్చు. కిప్లింగ్ విలియమ్స్ అనే సైకాలజిస్ట్ ఈ విషయం మీదే ఏళ్ళ తరబడి పనిచేశాడు. ఒకసారి ఆయన పార్కులో కూర్చుని ఉంటే ఒక ఫ్రిస్బీ వచ్చి పడింది. తిరిగి విసిరితే, ఆడుకుంటున్న ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆయన్ని కూడా ఆటలో కలుపుకున్నారు. కాసేపటికి ఏమీ అనకుండా ఆయనకి విసరడం మానేశారు. అంతమాత్రానికే తనకి ఎంత చిన్నతనంగా అనిపించిందో గమనించి, తర్వాత ఆ అనుభవాన్నే ప్రయోగంగా మార్చాడు. కంప్యూటర్ మీద ముగ్గురు బంతి విసురుకునే ఆట, కొన్ని విసుర్ల తర్వాత ఒకరికి బంతి రాదు. నిమిషాల ఆటే అయినా ఆ ఒక్కరి మనసు కుంగుతుంది. అవతల ఆడుతున్నది మనుషులు కాదు, కంప్యూటరే అని ముందే చెప్పినా కుంగుతుంది. 2000 సంవత్సరం నుంచి ఈ ప్రయోగాన్ని చాలామంది పరిశోధకులు వాడుతున్నారు. కంప్యూటర్ బంతి వేయకపోతేనే అలా ఉంటే, కలిసి అన్నం తిన్న మనిషి ఫోన్ ఎత్తకపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇక రెండో తప్పు.

రైలు అమ్మాయి విషయం తర్వాత, ఇకమీదట ఎవరికైనా మొహంమీదే నిజం చెప్పాలని గట్టిగా అనుకున్నాను. 2021లో ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఒకాయనతో రెండు వీడియో కాల్స్ మాట్లాడాను, ఒకసారి కాఫీకి కలిశాం. మర్యాదస్తుడే. నాకు కుదరదనిపించింది. ఆ రాత్రి కూర్చుని పెద్ద మెసేజ్ రాశాను. మీరు మధ్యలో మాట తుంచేస్తారు, మీ ఉద్యోగం గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు, ప్రతి విషయానికీ మీ అమ్మగారి అభిప్రాయం చెప్తారు, ఇవి మార్చుకుంటే మీకే మంచిది అని. ఇదంతా చెప్పమని ఆయన నన్ను అడగలేదు. “సరే అండి, థాంక్స్” అని జవాబు పెట్టాడు. కొన్నాళ్ళకి మధ్యవర్తి మా నాన్నతో అన్నాడు, ఆ అబ్బాయి ఆ తర్వాత చాలాకాలం ఏ సంబంధానికీ కూర్చోనన్నాడట.

నేను రాసిన వాటిలో అబద్ధం లేదు. కానీ ఆయన్ని నేను చూసింది మొత్తం కలిపి మూడు గంటలు. కొత్త ఆడపిల్ల ముందు కంగారుపడి ఉద్యోగం గురించే మాట్లాడి ఉండవచ్చు. ఆ మూడు గంటలతో ఆయన స్వభావమంతా తేల్చేసి చేతిలో పెట్టాను. పైగా అందులో నా స్వార్థం కూడా ఉంది. వద్దు అని ఒక్క ముక్క చెప్పే బదులు, వద్దనడానికి నాకు తగిన కారణాలు ఉన్నాయని నిరూపించుకోవాలనుకున్నాను. నిజాయితీ అనుకుని నేను చేసింది అది.

ఇదే సంబంధాల వేటలో మా నాన్న పడ్డ బాధ కూడా చెప్పాలి. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కాఫీ తాగి, లేచేటప్పుడు “ఇంటికెళ్ళి కబురు చేస్తాం” అంటారు. కొందరు చేస్తారు. ఒక కుటుంబం చేయలేదు. నాన్న మూడు వారాలు ఫోన్ పక్కన పెట్టలేదు. పాలకి వెళ్ళినా, గుడికి వెళ్ళినా చేతిలో ఫోనే. మౌనం అర్ధాంగీకారం అని వినీ వినీ పెరిగిన మనిషి కదా, వాళ్ళు కాదనలేదు కాబట్టి ఇంకా ఆలోచిస్తున్నారేమో అనుకునేవాడు. ఇంకో సంబంధం వస్తే “వాళ్ళ సంగతి తేలనీ” అని ఆపాడు. చివరికి ఆ అబ్బాయి నిశ్చితార్థం ఫొటో ఎవరి స్టేటస్‌లోనో చూసి తెలుసుకున్నాం. నాన్న ఏమీ అనలేదు, ఆ పూట అన్నం తినలేదు.

మనవాళ్ళ దగ్గర దీనికి పాత ఉపాయం ఒకటి ఉంది, ‘జాతకాలు కలవలేదండి’ అని కబురు పెట్టడం. చిన్నప్పుడు ఆ మాట నాకు దొంగమాటలా ఉండేది. ఇప్పుడు అందులో కొంత దయ కనిపిస్తోంది. తలుపు మూసుకుపోయిందని స్పష్టంగా తెలుస్తుంది, తప్పు ఎవరి మీదా పడదు. కానీ అదే మాట ఊళ్ళో నాలుగు నోళ్ళు తిరిగి, ‘ఆ పిల్లకి ఏదో దోషం ఉందట’ అని మారడం కూడా మా బంధువుల్లో చూశాను. కాబట్టి నేనైతే గ్రహాలని మధ్యలోకి లాగను.

నాకు దక్కిన మంచి ‘వద్దు’ కూడా ఒకటి ఉంది. ఒకాయన, కలిసి మాట్లాడిన మర్నాడు పొద్దున్నే స్వయంగా ఫోన్ చేశాడు. “నిన్న మీతో మాట్లాడటం బాగుందండి. ఈ సంబంధం విషయంలో మాత్రం నేను ముందుకు వెళ్ళాలనుకోవడం లేదు. మిమ్మల్ని ఎదురుచూసేలా చేయడం ఇష్టం లేక చెప్తున్నాను. మా నాన్నగారు మీ నాన్నగారికి కూడా చెప్తారు.” అంతే, నిమిషం కూడా పట్టలేదు. బాధ కలిగింది, ఎందుకు కలగదు? కానీ ఆ సాయంత్రానికి తేలికపడ్డాను. కారణం అడగాలనిపించలేదు. ఒక మనిషి నన్ను మనిషిగా లెక్కపెట్టి ఫోన్ చేశాడన్నదే గుర్తుండిపోయింది.

అందుకే నా అభిప్రాయం: నిర్ణయం చెప్పడం వేరు, తీర్పు చెప్పడం వేరు. నిర్ణయం తప్పకుండా చెప్పాలి. అవతలి మనిషి ఎలాంటివాళ్ళో తీర్పు చెప్పే పని, కొత్త పరిచయంలో మనది కాదు. కారణం చెప్పదలుచుకుంటే మీ వైపు నుంచి చెప్పండి. ‘మీరు ఎక్కువ మాట్లాడతారు’ అనేది ఆమె మీద తీర్పు, ‘రాత్రిపూట నేను ఫోన్లో మాట్లాడలేను’ అనేది మీ సంగతి. నొవ్వక నొప్పించక అంటారే, దాన్ని మనం మాట్లాడకుండా తప్పించుకోవడం అని అర్థం చేసుకుంటున్నాం. మాట్లాడి కూడా నొప్పించకుండా ఉండవచ్చు.

మనకి ‘లేదు’ అనడం నోటికి రాదు, అది ఇంకో చిక్కు. ‘చూద్దాం లెండి’, ‘ఈ వారం కుదరదు, వచ్చే వారం చెప్తా’ అంటాం. మన లెక్కలో అది కాదనడమే. వినేవాళ్ళ లెక్కలో వచ్చే వారం మళ్ళీ అడగమనడం. అలా నాన్చడం ఫోన్ ఎత్తకపోవడంకన్నా పెద్ద బాధ, ఎందుకంటే ఆశ ప్రతి వారం కొత్తగా పుడుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం నేను పైన చెప్పినవేవీ వర్తించవు. అవతలి మనిషి మిమ్మల్ని భయపెడుతుంటే, వెంటపడుతుంటే, అసభ్యంగా మాట్లాడుతుంటే మీరు ఎవరికీ సంజాయిషీ బాకీ లేరు. బ్లాక్ చేయండి. వీలైతే అంతకుముందు ఒకే ఒక్కసారి, రాతపూర్వకంగా, ‘నాకు మీతో మాట్లాడటం ఇష్టం లేదు, ఇకపై సంప్రదించవద్దు’ అని పెట్టి దాని స్క్రీన్‌షాట్ దాచుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్, అంతకుముందు ఐపీసీలో 354డి, స్త్రీ తనకి ఆసక్తి లేదని స్పష్టంగా తెలియజేశాక కూడా మగవాడు పదేపదే సంప్రదించడాన్ని నేరంగా చెప్తోంది. మొదటిసారికి మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. స్పష్టంగా చెప్పారన్న ఆధారం అక్కడ పనికొస్తుంది. మెసేజ్ పెట్టడానికి కూడా భయమేస్తే పెట్టకండి, ముందు అత్యవసర నంబరు 112కి గానీ మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ ఫోన్ చేయండి. తెలంగాణలో అయితే ఆడవాళ్ళ భద్రత కోసం పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి.

మీ హాస్టల్ అమ్మాయి అలాంటి మనిషి కాదు. మీరు రాసిన దాన్నిబట్టి ఊళ్ళో ఆమెకి ఇంకెవరూ లేరు, అంతే. ఒకే కప్పు కింద ఉంటున్నారు కాబట్టి మీరు ఫోన్ ఎత్తకపోతే పొద్దున్న టిఫిన్ దగ్గర ఆమె మొహం చూడాలి, ఆమె మీ మొహం చూడాలి. ఈ రాత్రి ఆమె ఫోన్ చేసేలోపే మీరే ఒక మెసేజ్ పెట్టండి. నేనైతే ఇలా పెడతాను: “రాత్రిపూట ఫోన్లో మాట్లాడటం నావల్ల కావడం లేదండి. ఆఫీసు నుంచి వచ్చాక నాకు ఒంటరిగా ఉండాలనిపిస్తుంది. ఇన్నాళ్ళు చెప్పకపోవడం నా తప్పు. ఇకనుంచి రాత్రి ఫోన్ ఎత్తను, మీరు చెడ్డగా ఏదో చేశారని మాత్రం అనుకోకండి.”

ఆదివారం కలుద్దాం, సినిమాకి వెళ్దాం లాంటి మాటలు, నిజంగా వెళ్ళే ఉద్దేశం ఉంటే తప్ప చేర్చకండి. ఆమె మళ్ళీ అడుగుతుంది, ‘నా మీద కోపమా?’ అని. లేదని చెప్పండి. ‘మరి ఇంకేదైనా కారణమా?’ అని గుచ్చి అడిగితే, ఫోన్ సంగతి ఒక్కటే మళ్ళీ చెప్పండి. ఆమె మాటతీరు, ఆమె ఇంట్లో గొడవలు, మీకు నచ్చని మిగతా నాలుగూ మీ దగ్గరే ఉండనివ్వండి. మర్నాడు టిఫిన్ దగ్గర ముందు మీరే పలకరించండి.