8 ఔన్సుల నూడుల్స్ అంటే ఎన్ని కప్పులు?

అమెరికన్ వంటకం ఒకటి 8 ఔన్సుల ఎగ్ నూడుల్స్ వేయమంటోందని, మీ కొలత కప్పు మీద 8 ఔన్సుల గీత సరిగ్గా ఒక కప్పు దగ్గరే ఉందని, కాబట్టి ఒక కప్పు వేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఆ గీత నీళ్లు, పాలు, నూనె వంటి ద్రవాలు ఎంత చోటు ఆక్రమిస్తాయో చెప్పే ఔన్సుది. వంటకంలో రాసింది బరువు ఔన్సు. బరువు ఔన్సు 28.35 గ్రాములు గనుక 8 ఔన్సులు సుమారు 227 గ్రాములవుతాయి. వెడల్పాటి ఎగ్ నూడుల్స్ 240 మిల్లీలీటర్ల కప్పు నిండా పోసినా దాదాపు 40 గ్రాములకు మించి పట్టవు కనుక, మీకు కావలసినవి అయిదున్నర కప్పుల పైమాటే.

అదే 8 ఔన్సులు చిన్న వంపు మకరోనీ అయితే రెండు కప్పులతో సరిపోతుంది. తేడా అంతా ముక్కల మధ్య మిగిలే ఖాళీలోనే ఉంది. మెలితిరిగిన వెడల్పు నూడుల్స్ ఒకదానిమీద ఒకటి నిలబడి కప్పులో సగానికి పైగా గాలినే నింపుతాయి. మకరోనీ సర్దుకుని కూర్చుంటుంది. అందుకే నూడుల్స్ అన్నింటికీ వర్తించే మార్పిడి పట్టిక అంటూ ఎవరైనా ఇస్తే, అది ఏ ఆకారానికో చెప్పనిదే నేను దాన్ని పట్టించుకోను.

అమెరికాలో కాపురం పెట్టిన కొత్తలో, త్రాసు కొనే వరకూ, నేను నమ్ముకున్నది ప్యాకెట్ వెనుక ఉండే పోషకాల పట్టికను. అక్కడ అమ్మే ప్యాకెట్ల మీద ఒక మనిషికి సరిపడే పరిమాణాన్ని సాధారణంగా 2 ఔన్సులుగా, అంటే 56 గ్రాములుగా చూపించి, చాలాసార్లు దాని పక్కనే అది ఎన్ని కప్పులో కూడా ముద్రిస్తారు. ఆ కప్పుల సంఖ్యను నాలుగుతో హెచ్చవేస్తే మీ 8 ఔన్సులు వస్తాయి, పైగా ఆ లెక్క మీ చేతిలో ఉన్న ఆకారానికే చేసినది. కప్పు లెక్క లేకపోతే ప్యాకెట్‌నే భాగించండి: 12 ఔన్సుల సంచిలో మూడింట రెండు వంతులు, 16 ఔన్సుల పెట్టెలో సగం.

స్పగెట్టీ వంటి పొడవాటి రకాలకు కప్పు పనికిరాదు. ఒక మనిషికి పావు డాలరు నాణెమంత కట్ట తీసుకోమని చెబుతుంటారు గానీ, ఆ సలహా నాకు నచ్చదు. కట్ట వ్యాసం 20 మిల్లీమీటర్ల నుంచి 24కు పెరిగితే కంటికి తేడా పెద్దగా తెలియదు, నూడుల్స్ మాత్రం 44 శాతం పెరుగుతాయి. ఎంత గట్టిగా పట్టుకున్నామన్నది దానికి అదనం.

మీ వంటకం ఉడికిన నూడుల్స్‌ను కప్పులలో అడిగితే లెక్క మళ్లీ మారుతుంది. రెండు కప్పుల ఎండు మకరోనీ ఉడికాక నాలుగు కప్పుల దాకా వస్తుంది. వెడల్పు ఎగ్ నూడుల్స్ నీళ్లు పీల్చి బరువెక్కినా, మెత్తబడి ఒకదానిమీద ఒకటి పరుచుకుని మధ్యనున్న ఖాళీని పోగొడతాయి కనుక, కప్పుల లెక్కలో పెరగకపోగా కొంత తగ్గవచ్చు కూడా.

మన సేమ్యా ఉప్మా కప్పుతోనే చక్కగా కుదురుతోంది కదా అన్న సందేహం రావచ్చు. అక్కడ సేమ్యానూ నీళ్లనూ ఒకే కప్పుతో కొలుస్తాం, పోసిన నీళ్లన్నీ సేమ్యాలోనే ఇంకిపోతాయి. కనుక కప్పు చిన్నదైనా పెద్దదైనా వాటి నిష్పత్తి చెడదు. అయినా ముక్కలు చేసిన సన్న సేమ్యా నుంచి పొడవాటి సేమ్యాకు మారినప్పుడు, అదే కప్పులో తక్కువ బరువు పడుతుంది గనుక, నేను నీళ్లు ముందుగా కాస్త తగ్గించే పోస్తాను.