పొగ ఖర్చు ఎవరి ఖాతాలో?

ప్రశ్న: మాది విశాఖ వన్‌టౌన్. డాబా మీద బట్టలు ఆరేస్తే సాయంత్రానికి నల్లటి పొడి పడుతుంది. ఈ మాట ఎత్తితే మా బావగారు "ఉద్యోగాలు కావాలంటే పొగ భరించాలి, అభివృద్ధికి అది ఖరీదు" అంటారు. కాలుష్యం వల్ల దేశానికి ఎంత నష్టమో చూపిద్దామని వెతికితే ఒకచోట జీడీపీలో 1.36 శాతం అని, ఇంకోచోట 7 శాతం పైనే అని ఉంది. ఏది నిజం?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండూ నిజమేనండీ, లెక్క కట్టిన పద్ధతులే వేరు. 1.36 శాతం అనేది 2020 డిసెంబరులో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం చెప్పింది. 2019లో మన దేశంలో గాలి కాలుష్యం వల్ల పోయినవాళ్ళు 16.7 లక్షల మంది, మొత్తం మరణాల్లో దాదాపు 18 శాతం. వాళ్ళు బతికుంటే దేశానికి వచ్చే రాబడి, జబ్బుపడి పనికి వెళ్ళలేనివాళ్ళ వల్ల ఆగిపోయిన రాబడి కలిపితే 36.8 బిలియన్ డాలర్లు, అంటే సుమారు 2.6 లక్షల కోట్ల రూపాయలు. ఆసుపత్రి బిల్లులు, నెల నెలా కొనే ఇన్‌హేలర్లు ఇందులో లేవు.

రెండోది ప్రపంచ బ్యాంకు 2016 నివేదికలోది, 2013 సంవత్సరానికి వేసిన లెక్క. తమాషా ఏమిటంటే ఆ ఒక్క నివేదికలోనే రెండు అంకెలున్నాయి. పోయిన సంపాదన వరకే చూస్తే ఒక శాతం లోపు. చావు ముప్పు కాస్త తగ్గడానికి మనుషులు ఎంత ఖర్చుకు సిద్ధపడతారన్నదాన్ని బట్టి కడితే 7.7 శాతం దాకా. ఏడాది అదే, చనిపోయినవాళ్ళూ వాళ్ళే.

నన్నడిగితే సంపాదన పద్ధతిలో పెద్ద చిక్కుంది. తక్కువ రాబడి ఉన్నచోట మనిషి పోతే నష్టం తక్కువగా పడుతుంది, రిటైరైన పెద్దాయన ఆయాసంతో పోతే లెక్కలోకి వచ్చేది మరీ కొంచెం. అందుకే తలసరి నష్టం చూస్తే ఢిల్లీ మొదటి స్థానంలో ఉంటుంది, రాష్ట్రం ఆదాయంలో ఎంత వాటా పోయిందని చూస్తే మాత్రం ఉత్తరప్రదేశ్, బీహార్ ముందుకొస్తాయి. కాబట్టి 1.36 శాతమే కదా అని ఎవరైనా తేలిగ్గా తీసేస్తే, అందులో ఎవరి ప్రాణానికి ఎంత రేటు కట్టారో అడగండి.

ఇక మీ బావగారి మాట. ఖరీదు అంటే సరుకు తీసుకున్నవాడు కట్టేది కదా, ఇక్కడ కడుతున్నది పక్కింటివాళ్ళు. థర్మల్ విద్యుత్ కేంద్రాల సంగతే చూడండి. బొగ్గు కాలితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ వాయువును తగ్గించాలని 2015 డిసెంబరులో నిబంధనలు పెట్టి రెండేళ్ళు గడువిచ్చారు, తర్వాత మళ్ళీ మళ్ళీ పొడిగించి, చివరికి 2025 జులైలో చాలా కేంద్రాలకు ఆ వాయువును పట్టే యంత్రాలు అక్కర్లేదని మినహాయించారు. మన బొగ్గులో సల్ఫర్ తక్కువ, యంత్రాలు పెడితే కరెంటు రేటు పెరుగుతుంది అన్నది వాదన. సరే, బిల్లు పెరగలేదు. కానీ ఆ వాయువు గాల్లో సన్నని ధూళిగా మారి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, ఆ ఖర్చు మందుల షాపులో తేలుతుంది. పొగ ఆపితే అభివృద్ధి ఆగిపోతుందంటే బీజింగ్ సంగతి చెప్పండి: అక్కడ పీఎం 2.5, అంటే ఆ సన్నని ధూళి, సగటున ఘనపు మీటరు గాలికి 2013లో 90 మైక్రోగ్రాములకు దగ్గర, 2021కి 33. ఈలోగా చైనా ఫ్యాక్టరీలేమీ మూతపడి కూర్చోలేదు.

ప్రశ్న: ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే అదీ కాలుష్యం వల్ల నష్టం కిందకే వస్తుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీకు నష్టమే. జీడీపీకి మాత్రం లాభం! కొన్న యంత్రం, మార్చే ఫిల్టరు, దగ్గుకి కొన్న సిరప్ అన్నీ దేశ ఉత్పత్తిలో కలుస్తాయి, పైగా ప్యూరిఫయర్ మీద 18 శాతం జీఎస్టీ కూడా కట్టాం. జీడీపీ లెక్కలో సుఖం, కష్టం అని రెండు కాలమ్‌లు ఉండవు.

ప్రశ్న: నేను నోయిడాలో సైట్ ఇంజనీరుని. చలికాలం గాలి పాడవగానే ప్రభుత్వం నిర్మాణ పనులు ఆపేస్తుంది. మాకు జీతం వస్తుంది, కూలీలకు రాదు. వాళ్ళకి ఏ దారీ లేదా?
– ఒక తెలుగు పాఠకుడు

జవాబు: దారి ఉంది, కాకపోతే ఇరుకుగా ఉంది. 1996 చట్టంతో మొదలైన పద్ధతిలో నిర్మాణ ఖర్చులో కనీసం 1 శాతం సెస్సుగా కార్మిక సంక్షేమ బోర్డుకు చేరుతుంది. 2024 నవంబరులో పనులు ఆగినప్పుడు, ఆ నిధి నుంచి కూలీలకు భృతి ఇవ్వమని ఢిల్లీ, చుట్టుపక్కల రాష్ట్రాలను సుప్రీంకోర్టు ఆదేశించింది. ఢిల్లీలో మనిషికి 8,000 రూపాయలు ప్రకటించారు. అది బోర్డులో పేరున్నవాళ్ళకే. మేస్త్రీ వెంట ఊరి నుంచి వచ్చి సైటులోనే పడుకునేవాళ్ళలో చాలామందికి ఆ నమోదు ఉండదు.

మీరు ఇంజనీరు కాబట్టి ఒక పని చేయగలరు. పేరు ఎక్కాలంటే వయసు 18–60 మధ్య ఉండి, గత 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి, ఆ 90 రోజులకు రుజువు కావాలి. కాంట్రాక్టరు ఆ కాగితం ఇవ్వడానికి సాగదీస్తాడు. గాలి ఇంకా బాగున్న సెప్టెంబరులోనే హాజరు పట్టీ చూసి మీ సైటులో అందరికీ ఆ కాగితం ఇప్పించండి, ఉన్న కార్డుల గడువు దాటిపోయిందేమో కూడా చూడండి. నవంబరులో మొదలుపెడితే కార్డు చేతికొచ్చేసరికి నిషేధం ఎత్తేస్తారు.