బెల్లం పేజీ

విశాఖపట్నం
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "దాన్ని నువ్వే పాడుచేశావు వదినా" అని మొదలుపెట్టి, "షెల్టర్ నుంచి కుక్కని తెస్తుందట, రెండు నెలలు పెంచి ఎవరికో ఇచ్చేస్తుందట, ఆమాత్రం దానికి తేవడం ఎందుకు?" అని ముగించింది. మధ్యలో నీ ఉద్యోగం, మూడో అంతస్తు, మీ ఇంటి ఓనరు అన్నీ వచ్చాయి. నేను ఊ కొడుతూ విన్నాను. పెట్టేశాక మీ మావయ్య "ఏంటి, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అన్నారు. నవ్వొచ్చిన మాట నిజమే. కానీ రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావు, ఒక్క ముక్కా వినవు. అందుకే కాగితం తీశాను.

ముందు సూదుల సంగతి. కుక్కకి కాదు, నీకూ అల్లుడికీ. కుక్క మీ గడప తొక్కకముందే రేబిస్ ముందస్తు టీకా మూడు డోసులు వేయించుకోండి. మొదటి రోజు ఒకటి, 7వ రోజు ఒకటి, 21వ రోజు ఒకటి. రేపెప్పుడైనా పన్ను గీరుకున్నా అప్పుడు రెండు డోసులతో పోతుంది. గీరుకుంటే ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడుగు, ఎందుకంటే ఆ టెన్షన్‌లో రెండు నిమిషాలే పావుగంటలా అనిపిస్తాయి. పసుపూ సున్నం ఏమీ పెట్టకు. తర్వాత ఆసుపత్రికి.

అత్తకి చాదస్తం అనుకుంటున్నావు కదూ. మీ నాన్నకి తొమ్మిదేళ్లప్పుడు అనకాపల్లిలో బెల్లం మార్కెట్ వెనక సందులో కుక్క కరిచింది. మా నాయనమ్మ ఆ గాయంలో కారం కూరి గుడ్డ కట్టింది. తర్వాత బొడ్డు చుట్టూ 14 సూదులు, రోజుకొకటి. అమ్మకి ఇంటి పని, నాన్నకి కొట్టు, నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదాన్ని. మొదటి వారం వీధంతా వినబడేలా ఏడ్చాడు. ఎనిమిదో రోజు నుంచి ఏడవడం మానేశాడు. లోపలికి వెళ్లగానే చొక్కా తనే పైకెత్తి పట్టుకుని నిలబడేవాడు. ఇప్పుడు ఆ టీకా లేదు, 2005 వచ్చేసరికి మన దేశంలో పూర్తిగా మానేశారు. అన్నీ చేతికే వేస్తున్నారు. కానీ మీ నాన్న ఈ వయసులోనూ కుక్కని చూసి రోడ్డు అటు పక్కకి దాటితే ఎగతాళి చేయకు. కుక్క ఉన్నన్నాళ్లూ ఆయన మీ ఇంటికి రాకపోయినా అలగకు.

తెలిసిన విషయాలు గబగబా చెప్పేస్తాను. వ్యాక్సిన్ కార్డు చేతికి తీసుకోకుండా షెల్టర్ గేటు దాటకు. మొదటి వారంలోనే డాక్టరుకి చూపించు, మలం పరీక్ష చేయించు. చెవుల లోపల, కాలివేళ్ల మధ్య గోమార్లు వెతుకు. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ఒళ్లు కాలుతుంటే ఆ గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ కావచ్చు, రక్తపరీక్ష చేయించు. పిల్లకుక్క అయితే పార్వో అనే వైరస్ భయం ఉంటుంది. వాంతులు, రక్తం పడే విరేచనాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకు. ఫినాయిల్‌తో ఆ వైరస్ చావదు, బ్లీచ్ వాడాలి, ఒక వంతుకి ముప్ఫై వంతుల నీళ్లు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర పెట్టొద్దు. పాయసం గిన్నె నాకనివ్వద్దు, అందులో ఎండుద్రాక్ష ఉంటుంది. ఉడికిన కోడి ఎముకలు అసలు వద్దు. పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, కాస్త గుమ్మడికాయ పెట్టు, చాలు.

తెచ్చిన రోజున స్నానం చేయించకు. కంపు కొడుతుంది, కొట్టనీ. మంచం కింద దూరితే లాగకు, నీళ్ల గిన్నె అక్కడికే జరుపు. మూడు రోజులు తినకపోవచ్చు. మూడు వారాలకి ఇల్లు అర్థమవుతుంది, మూడు నెలలకి గానీ అసలు కుక్క బయటికి రాదు. ఇది ఇలా కుక్కల్ని పెంచి ఇచ్చే మేమంతా చెప్పుకునే లెక్క, చాలావరకు నిజమే. ఫ్రెండ్స్‌ని పిలిచి ఫొటోలు దిగే కార్యక్రమం ఉంటే వచ్చే నెలకి పెట్టుకో.

తలుపు దగ్గర మాత్రం జాగ్రత్త. సిలిండర్ అబ్బాయి వచ్చాడనో, డెలివరీ వచ్చిందనో జానెడు తలుపు తీస్తావు, కొత్త కుక్కకి ఆ జానెడు చాలు. బయటికి తీసుకెళ్లేటప్పుడు మెడకో బెల్టు, ఛాతీకో బెల్టు, రెండింటికీ తాళ్లు. భయపడిన కుక్క మెడ బెల్టులోంచి వెనక్కి నడిచి ఎలా జారిపోతుందో ఒక్కసారి చూస్తే మరి మరిచిపోవు. దీపావళి ముందు వారంలో కుక్కని తేవద్దు, ఎవరికీ ఇవ్వొద్దు.

మీ అసోసియేషన్ వాళ్లు గొడవ పెట్టొచ్చు. పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు అసోసియేషన్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసి పెట్టుకో, కానీ ముందే బయటికి తీయకు. ముందు కింద ఇంటావిడని పలకరించు, కుక్క వస్తోందని నువ్వే చెప్పు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని వీధికుక్కలు చంపేశాయి. మీ హైదరాబాద్‌లో ఏ తల్లీ దాన్ని మరిచిపోలేదు. లిఫ్టులో కుక్కని చూసి ఎవరైనా బిడ్డని ఎత్తుకుంటే వాళ్లని జంతుద్వేషులు అనకు. నువ్వు మెట్లెక్కు.

ఇప్పుడు అసలు విషయం. ఇది మీ అమ్మకి తెలియదు, మీ నాన్నకి అసలు చెప్పకు.

నేను ఈ పనిలోకి దిగింది హుద్‌హుద్ తుపానుకి. 2014 అక్టోబరు 12న వచ్చింది. ఒక షెల్టర్ రేకులు ఎగిరిపోతే తెలిసిన అమ్మాయి తడిసి ముద్దయిన కుక్కని తెచ్చి "నాలుగు రోజులే ఆంటీ" అంది. కరెంటు లేదు, కొవ్వొత్తి వెలుగులో తువ్వాలుతో తుడిచాను. అలా ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఒక్కోదానికి నోటు పుస్తకంలో ఒక్కో పేజీ పెట్టాను. 2015 ఎండాకాలంలో బెల్లం వచ్చాడు. అచ్చం అనకాపల్లి బెల్లం రంగు, అందుకే ఆ పేరు. ఒక చెవి నిలబడేది, ఒకటి వాలేది. ఎన్నాళ్లు పస్తులున్నాడో గానీ పళ్లెం దగ్గరికి ఎవరైనా వస్తే ఒళ్లు బిగదీసి, తినడం ఆపి, కింది నుంచి చూసేవాడు. ఇంకో అడుగు వేస్తే గుర్రుమనేవాడు. మిగతా వేళల్లో మీ మావయ్య పాదాల మీద తల పెట్టుకుని పడుకునేవాడు.

వాడి పేజీలో మూడో లైన్ "తిండి దగ్గర గుర్రుమంటాడు, పిల్లలున్న ఇంటికి వద్దు" అని రాశాను. ఏడు నెలలైనా ఎవరూ తీసుకోలేదు. వచ్చినవాళ్లలో సగం మంది లాబ్రడార్ లేదా అని అడిగారు, మిగతా సగం ఆ మూడో లైన్ విని టీ తాగి వెళ్లిపోయారు. నాకు విసుగొచ్చింది. షెల్టర్‌లో ఇంకో మూడు కుక్కలు నా ఇంటి కోసం ఎదురుచూస్తున్నాయి. 2016 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు గాజువాక నుంచి ఒక జంట వచ్చారు, ఆరేళ్ల బాబుతో. బాబు నేల మీద కూర్చున్నాడు, బెల్లం వెళ్లి వాడి ఒళ్లో మూతి పెట్టాడు. ఆ అమ్మాయి కళ్లు చెమర్చాయి. నేను "ఉండండి, కార్డు తెస్తాను" అని లోపలికి వెళ్లి, బల్ల మీద పెన్ను తీసుకుని ఆ మూడో లైన్ కొట్టేశాను. ఒక్క గీత కాదు, అక్షరం కనబడకుండా నాలుగైదు సార్లు. బయటికొచ్చి "బంగారం లాంటి వాడు" అన్నాను.

కనుమ నాడు ఇంటి నిండా చుట్టాలు. బాబు చేతిలో అరిసె జారి కింద పడింది. బెల్లం అందుకున్నాడు. నాదే కదా అని బాబు చెయ్యి పెట్టాడు. కుడి చెయ్యి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. రేబిస్ భయం ఉన్న గాయానికి వెంటనే కుట్లు వేయరట, తెరిచే ఉంచి గాయం చుట్టూరా సూది మందు ఎక్కించారు. ఆ అరుపులు నేను ఫోన్‌లోనే విన్నాను. పిల్లాణ్ణి ఆసుపత్రిలో వదిలి, ఆ తండ్రి కోపంలో కుక్కని కారులో వేసుకుని ఆనందపురం దాటాక హైవే మీద దింపేసి వచ్చాడు. నాకు చెప్పింది మర్నాడు.

కరిచిన కుక్కని పది రోజులు కనిపెట్టి చూడాలి, బతికి బాగుంటే ఆ కాటుతో రేబిస్ రాదు. మరి కనిపెట్టడానికి కుక్క ఏది? టీకా కార్డు ఉందని చెప్పాను. "మీరు చెప్పినవి ఎన్ని నిజం ఆంటీ?" అంది ఆ అమ్మాయి. జవాబు చెప్పలేకపోయాను. నేనూ మీ మావయ్యా స్కూటర్ మీద పది రోజులు తిరిగాం, ప్రతి ధాబా దగ్గరా ఫొటో చూపించాం. ఆ అమ్మాయి రోజూ సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసేది. హలో అనేది కాదు. "కనపడిందా?" అనేది, అంతే. పదకొండో రోజు నుంచి చేయలేదు. బాబుకి 5 డోసులూ పడ్డాయి, ఏమీ కాలేదు. బెల్లం దొరకలేదు.

రెండేళ్ల కిందట ఒక పెళ్లిలో ఆ కుర్రాణ్ణి చూశాను. మీసాలు వస్తున్నాయి. వాడే గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు. నేను చేతి వైపు చూడకుండా ఉండాలని చూస్తున్నాను. "ఆంటీ, తర్వాత ఎప్పుడైనా దొరికాడా?" అన్నాడు. లేదన్నాను. "అది నేను తీసుకోకుండా ఉండాల్సింది" అన్నాడు. నీది కాదురా తప్పు, నాది అని చెప్పాను. వాడికి అర్థమైందో లేదో, మర్యాదగా నవ్వి వెళ్లిపోయాడు.

కాబట్టి బుజ్జీ, నీ కుక్క పళ్లెం దగ్గర ఎలా ఉంటుందో మొదటి వారంలోనే కనిపెట్టు. గుర్రుమంటే కొట్టకు, పళ్లెం లాగేసుకుని బుద్ధి చెబుదామనుకోకు, దానివల్ల జబ్బు ముదురుతుంది. విడిగా గదిలో పెట్టి తలుపు వెయ్యి. కొన్నాళ్లయ్యాక దూరంగా నడిచి వెళ్తూ గుడ్డు ముక్క విసురు. మనిషి దగ్గరికొస్తే తిండి పోదు, పెరుగుతుంది అని దానికి తెలియాలి. నెలలు పడుతుంది. నోట్లో ఉన్నది తీసుకోవాల్సి వస్తే అంతకన్నా మంచిది చూపించి మార్చుకో. ఇవ్వబోయే వాళ్లు ఇంట్లోకి వచ్చి కూర్చోగానే, టీ ఇవ్వకముందే, దాని లోపాలు చెప్పు. ఏ లోపమూ లేదంటే నువ్వు సరిగా చూడలేదని.

వాళ్లని అడగాల్సినవి కూడా ఉన్నాయి. కుక్క పెంట ఎవరెత్తుతారు? పెద్దవాళ్లకి ఇష్టమేనా? పెద్దాయన పేపరు వెనక నుంచి ఏమీ అనకపోతే ఇష్టం లేదని అర్థం. అమెరికా ప్రయత్నాల్లో ఉన్నారా? నవ్వకు, నా ముప్ఫై ఒక్క కుక్కల్లో నాలుగు అలాగే వెనక్కొచ్చాయి, "డాలస్ వెళ్తున్నాం ఆంటీ" అని. తీసుకెళ్తామనే వాళ్లకీ చెప్పు, 2024 ఆగస్టు నుంచి మన దేశపు కుక్కకి అక్కడికి మైక్రోచిప్, రక్తపరీక్ష, బోలెడు కాగితాలు, ఖర్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించనిదే ఎవరికీ ఇవ్వకు. వాళ్ల ఇంటికి నువ్వే వెళ్లి మేడ పిట్టగోడ ఎత్తు చూసి రా. ఎప్పుడు వద్దనిపించినా నీకే తిరిగివ్వాలి, రోడ్డు మీద వదలకూడదు అని సంతకం పెట్టించుకో. ఇచ్చిన రోజు, 3వ రోజు, 7, 14, 28, ఆ రోజుల్లో ఫోన్ చెయ్యి. కుక్క కరిచాక వేసే 5 సూదుల లెక్కే. నాకు అలా అలవాటైపోయింది.

ఇచ్చేశాక రెండు రోజులు ఇల్లు బోసిగా ఉంటుంది. అన్నం కలిపేటప్పుడు ఒక ముద్ద ఎక్కువ కలుపుతావు. ఏడుపొస్తే ఏడువు, అల్లుడు ఏమీ అనుకోడు. ఉంచేసుకోవాలనిపిస్తే మాత్రం ఆ రోజే నిర్ణయించకు, నాకు ఫోన్ చెయ్యి, తిడతాను. తిట్టినా ఉంచుకోవాలనే ఉంటే ఉంచుకో.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. నాలుగు రోజులు పోనీ.

ఆర్టీసీ కార్గోలో ఒక పెట్టె పంపిస్తున్నాను, అల్లుణ్ణి పంపి తెప్పించుకో. అందులో అడుగు బరువున్న స్టీలు పళ్లెం ఉంది, జరగదు. రెండు బెల్టులు, పాత దుప్పట్లు మూడు, నా నోటు పుస్తకం. వెనక ఖాళీ పేజీలు చాలా ఉన్నాయి, నీ కుక్కని అందులోనే రాసుకో. ఏడో పేజీ బెల్లానిది, చింపకు. ఎండకి ఎత్తి పట్టుకుంటే గీతల కింద మూడో లైన్ ఇంకా చదవొచ్చు.

నీ
అత్త